చామంతి సాగు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు చామంతి సాగు మీద మీ ప్రశ్నలకు ఉద్యాన నిపుణులు జవాబులిస్తారు. మొదటి కాల్ దర్శి నుంచి.

రైతు: హలో... వినపడుతోందా సార్? మాది దర్శి దగ్గర పల్లె. అరెకరంలో పసుపు చామంతి వేశాను. మా బావమరిది పోయినేడు వేసి నాలుగు రాళ్లు మిగుల్చుకున్నాడు, అది చూసి వేశా. ఆయనది పొదిలి పక్క ఎర్ర నేల. మాది నల్లరేగడి. మొన్నటి వాన తర్వాత మొక్కలు వాలిపోతున్నాయి. పొద్దున బాగానే ఉంటాయి, మధ్యాహ్నానికి తల వేలాడేస్తున్నాయి. ఏ మందు కొట్టమంటారు?

నిపుణుడు: ఆగండాగండి. వాన పడ్డాక మళ్లీ నీళ్లు పెట్టారా?

రైతు: పెట్టాను సార్, వాడిపోతున్నాయి గదా అని.

నిపుణుడు: మొక్క పీకి చూశారా? వేరు ఎట్లా ఉంది?

రైతు: నల్లగా ఉంది. పట్టుకుంటే పైతోలు ఊడొస్తోంది.

నిపుణుడు: అది వేరుకుళ్లు. మడిలో నీళ్లున్నా కుళ్లిన వేరు పీల్చుకోలేదు, అందుకే వాడుతోంది. ముందు తడులు ఆపండి. సాళ్ల మధ్య కాలువ తీసి, చేను చివర గండి కొట్టి నీళ్లు బయటికి పంపండి. చచ్చిన మొక్కలు పీకి కాల్చేయండి. వాటి చుట్టుపక్కల మొక్కలకి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, మొదలు బాగా తడిసేలా పోయండి.

రైతు: సరే సార్. మరి ఆకు మీద ఏం కొట్టమంటారు? షాపాయన ఏదో టానిక్ ఇచ్చాడు...

నిపుణుడు: జబ్బు వేరులో ఉంటే ఆకు మీద టానిక్ ఏం చేస్తుంది నాయనా? డబ్బు దండగ. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకి పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే. చామంతి మొగ్గ తొడిగేదీ అప్పుడే. అందుకే నల్లరేగడిలో ఎత్తు బోదెల మీద తప్ప వేయొద్దని ప్రతిసారీ మొత్తుకుంటున్నాను. చామంతి మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు.

రైతు: ఉన్నవైనా బతుకుతాయా సార్? అప్పు తెచ్చి వేశాను.

నిపుణుడు: వేరు తెల్లగా ఉన్నవి బతుకుతాయి. టెన్షన్ పడకండి. రోజూ చేనంతా ఒకసారి తిరిగి చూసుకోండి. వాడిపోవడం మొదలైన చోట ఆ రోజే మందు పోయండి.

రైతు: అయితే ఆకు మీద ఏమీ కొట్టొద్దంటారా?

నిపుణుడు: ఆకు మీద నల్ల మచ్చలుంటే మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరుకి 2.5 గ్రాములు. మచ్చల్లేకపోతే వద్దు. కాలువ ఈ సాయంత్రమే తీయండి, రేపటికి పెట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. కావలి నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్తే అండీ. మేడ మీద కుండీల్లో చామంతి పెట్టాను. గుబురుగా పెరిగింది, ఒక్క మొగ్గ లేదు.

నిపుణుడు: రాత్రిపూట వాటి మీద లైటు పడుతుందా అమ్మా?

శ్రోత: వీధి లైటు ఎదురుగానే ఉందండీ.

నిపుణుడు: అదే కారణం. చామంతికి రాత్రి పొడవుగా, చీకటిగా ఉంటేనే మొగ్గ వస్తుంది. వెలుతురు పడితే ఇంకా పగలే అనుకుని ఆకులే వేస్తుంది. కర్ణాటకలో చిక్కబళ్లాపూర్ వైపు రైతులు పూత వెనక్కి జరపాలంటే చేలో బల్బులు పెడతారు. మీ వీధి లైటు ఆ పనే చేస్తోంది. కుండీలు చీకటి పక్కకి జరపండి, పగలు మాత్రం ఎండ తగలాలి. కొన్ని వారాలు ఓపిక పట్టండమ్మా, తప్పకుండా పూస్తాయి.

వ్యాఖ్యాత: పొదలకూరు నుంచి, క్లుప్తంగా అడగండి.

శ్రోత: చిగుళ్లకి పేనుబంక పట్టింది సార్.

నిపుణుడు: వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

శ్రోత: దాంతోపాటు ఇంకోటి...

వ్యాఖ్యాత: సమయం లేదండీ, క్షమించండి. ఆత్మకూరు నుంచి చివరి కాల్.

శ్రోత: సార్, వచ్చే ఏడు వేద్దామనుకుంటున్నా. విత్తనం ఎక్కడ తేవాలి?

నిపుణుడు: విత్తనంతో కాదు బాబూ, మొక్క మొదలు నుంచి వచ్చే పిలకలతో వేస్తారు. తెగులు లేని తోటలో వేరొచ్చిన పిలకలు తెచ్చుకో. జూన్, జూలైలో 30 సెంటీమీటర్ల ఎడంలో నాటు. ఎకరానికి 10 టన్నుల పశువుల ఎరువు ముందే దున్నించు. నాటిన నాలుగు వారాలకి తలలు తుంచితే పక్క కొమ్మలొస్తాయి, పూలూ పెరుగుతాయి. మీ చేలో వాన నీళ్లు పోయే దారి ఉందా?

శ్రోత: పక్కాయన పొలంలోకి పోవాలి సార్. ఆయన ఒప్పుకోడు.

నిపుణుడు: అది తేల్చుకోకుండా పిలకలకి డబ్బు కట్టొద్దు. మళ్లీ చెప్తున్నా, నీళ్లు నిలవకూడదు. ఆయన కాదంటే ఆ చేలో వేరే పంట చూసుకో.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు సార్. వచ్చే వారం నిమ్మ తోటల గురించి. సెలవు.