ఫుల్ కీబోర్డ్ ఫోన్: అంత మెచ్చుకున్నవాళ్లే ఎందుకు వదిలేశారు?

[తెర మీద: ఎర్ర రంగు నోకియా ఈ63. బొటనవేలు స్పేస్ బార్‌ని నొక్కి పట్టుకోగానే వెనక ఫ్లాష్ వెలుగుతుంది.]

నోకియా ఈ63 వాడినవాళ్లు మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఉండే ఉంటారు. ఆ ఫోన్ ఎలా ఉండేదో ఒకసారి అడగండి. ముందు టార్చ్ సంగతి చెప్తారు. స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే చాలు, వెనక లైటు వెలిగేది. తర్వాత బ్యాటరీ గురించి చెప్తారు. ఆ తర్వాత ప్రతి ఇంగ్లిష్ అక్షరానికీ విడిగా ఒక బటన్ ఉన్న ఫుల్ కీబోర్డ్. అక్కడ మొదలుపెట్టారంటే ఇక ఆపరు. క్లాసులో ఫోన్ బెంచీ కింద పెట్టి, లెక్చరర్ మొహం చూస్తూనే మెసేజ్ కొట్టేసేవాళ్లమని గొప్పగా చెప్తారు.

మరి అంత నచ్చినవాళ్లే కొన్నేళ్లు తిరిగేసరికి టచ్ ఫోన్ కొనుక్కున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. ఇదెలా జరిగింది? వాడినవాళ్ల పొగడ్తలూ తిట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, నాకు రెండింటికీ ఒకటే కారణం కనిపిస్తోంది. ఆ బటన్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. మెచ్చుకున్నది అందుకే, వదిలేసిందీ అందుకే. ఎలాగో చూద్దాం.

[తెర మీద: ఈ71, ఈ63 పక్కపక్కన.]

మనం ముఖ్యంగా మాట్లాడుకునేవి ఈ రెండు ఫోన్లే. రెండూ 2008లో వచ్చినవే. ఈ71ని జూన్‌లో ప్రకటించారు. స్టీలు బాడీ, 10 మిల్లీమీటర్ల మందం, 127 గ్రాముల బరువు, 2.36 అంగుళాల తెర, 3.2 మెగాపిక్సెల్ కెమెరా, జీపీఎస్. అదే ఏడాది నవంబర్‌లో దీనికి చవక తమ్ముడిలా ఈ63ని ప్రకటించారు. ప్లాస్టిక్ బాడీ, 2 మెగాపిక్సెల్ కెమెరా, జీపీఎస్ లేదు. కానీ బ్యాటరీ రెండింటికీ అదే, 1500 ఎంఏహెచ్. ఇప్పటి 5000తో పోలిస్తే నవ్వొస్తుంది గానీ, అంత చిన్న తెరకి అది బోలెడు.

తమాషా ఏంటంటే ఖరీదైన ఈ71లో ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం 2.5 మిల్లీమీటర్లది. మామూలు ఇయర్‌ఫోన్స్ పట్టవు. చవకదైన ఈ63లో మాత్రం మామూలు 3.5 ఇచ్చారు. పాటలు వినే కుర్రాళ్లు ఈ63 వైపు మొగ్గడానికి డబ్బు ఒక్కటే కారణం కాదన్నమాట.

ఇక కీబోర్డ్ ఎందుకు అంతగా నచ్చిందో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

[తెర మీద: పాత 12 బటన్ల కీప్యాడ్. దాని పక్కన ఫుల్ కీబోర్డ్.]

అప్పట్లో మనవాళ్లలో చాలామంది తెలుగు మెసేజ్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టేవాళ్లు. ‘వస్తున్నాను’ అనే మాటనే తీసుకోండి. ఇంగ్లిష్‌లో వి, ఏ, ఎస్, టి, యు, ఎన్, ఎన్, ఏ, ఎన్, యు. మొత్తం 10 అక్షరాలు. పాత కీప్యాడ్ మీద ‘వి’ కావాలంటే 8ని మూడుసార్లు నొక్కాలి. ‘ఎస్’ కావాలంటే 7ని నాలుగుసార్లు. ఇలా మొత్తం కూడితే 20 నొక్కులు. అంతటితో అయిపోలేదు. ‘టి’, ‘యు’ రెండూ 8 మీదే ఉన్నాయి కాబట్టి ఒకటి కొట్టాక ఆగాలి. రెండు ‘ఎన్’ల మధ్య మళ్లీ ఆగాలి. ఆగకుండా నొక్కితే ఇంకో అక్షరం పడుతుంది.

మాటని ముందే ఊహించే టీ9 ఉంది కదా అంటారేమో. అది ఇంగ్లిష్ డిక్షనరీని చూసి ఊహిస్తుంది. దానికి ‘వస్తున్నాను’ ఎక్కడ తెలుస్తుంది? ఇంగ్లిష్‌లో మెసేజ్‌లు పెట్టేవాళ్లకు టీ9 తీర్చిన కష్టం మనకి తీరలేదు. అందుకే ఫుల్ కీబోర్డ్ చేతికొచ్చినప్పుడు మనకి ఎక్కువ సుఖంగా అనిపించింది. 20 నొక్కులు పోయి 10 అయ్యాయి, ఆగడం లేదు, ఊహించడం లేదు.

[తెర మీద: బటన్ కింద ఉండే చిన్న లోహపు బిళ్ల, గీసిన బొమ్మ.]

బటన్ నొక్కినప్పుడు ‘టిక్’మని తగిలేది ఎక్కడి నుంచి వస్తుందంటే, ప్రతి బటన్ కింద బోర్లించిన మూకుడు ఆకారంలో ఒక చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. నొక్కితే అది లోపలికి కుంగి కింద బోర్డు మీదున్న రెండు తీగల్ని కలుపుతుంది. వేలు తీస్తే మళ్లీ పైకి ఉబుకుతుంది. అక్షరం పడిందని కన్ను చూసేలోపే వేలికి తెలిసిపోతుంది. ఈ71లో బటన్లు చాలా చిన్నవి. షాపులో మొదటిసారి చూసినవాళ్లు ‘వీటి మీద ఎలా కొడతాం’ అని జంకేవాళ్లు. కానీ ప్రతి బటన్ మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉండటంతో పక్కదానికి వేలు తగిలేది కాదు. కొద్ది రోజుల్లో చేయి తిరిగేది. బ్లాక్‌బెర్రీ బోల్డ్ 9000 అనే మరో ఫుల్ కీబోర్డ్ ఫోన్‌లో వరస వరసకీ మధ్య సన్నటి లోహపు పట్టీలు పెట్టారు. వేలు ఏ వరసలో ఉందో చూడకుండానే తెలియడానికి.

ఈ ‘చూడకుండానే’ అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. మనకి అది సరదా. కొంతమందికి అదొక్కటే దారి.

కంటిచూపు లేనివాళ్లు సింబియన్ అనే సిస్టమ్‌తో నడిచే నోకియా ఫోన్లలో టాక్స్, మొబైల్ స్పీక్ అనే సాఫ్ట్‌వేర్లు వేసుకునేవాళ్లు. తెర మీదున్నది ఆ సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. కానీ వినడం సగం పనే, రాయడం ఎలా? వేలితో తడిమితే తెలిసే బటన్లు ఉండాలి. ఈ71, ఈ63 లాంటి ఫోన్లు వాళ్లకి ఈమెయిల్ రాసుకునే వీలు ఇచ్చాయి. అందుకే నున్నటి అద్దం ఫోన్లు వచ్చినప్పుడు వాళ్లు పడ్డ ఆందోళన మామూలుది కాదు. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ వచ్చి, వేలు కింద ఏముందో ఫోనే చెప్పడం మొదలుపెట్టాక ఆ భయం మెల్లగా తగ్గింది. అయినా టైపింగ్ వరకూ బటన్లే మేలని ఇప్పటికీ అనేవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఫుల్ కీబోర్డ్ ఫోన్ల గురించి మాట్లాడేటప్పుడు వీళ్ల మాట ఎవరూ తీసుకురారు. నాకు మాత్రం అన్నిటికన్నా బరువైన అభిప్రాయం వీళ్లదే అనిపిస్తుంది.

[తెర మీద: ఈ71 కీబోర్డ్ దగ్గరగా. ఆర్, టి, వై బటన్ల మీద 1, 2, 3.]

ఇక తిట్ల దగ్గరికి వద్దాం. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఫోన్ ఇచ్చి చూస్తే మొదటి తగువు నంబర్ల దగ్గరే. 1, 2, 3 అంకెలు ఆర్, టి, వై బటన్ల మీద చిన్నగా ఉంటాయి. 4, 5, 6 దాని కింద వరసలో. పాత ఫోన్‌లో అంకెలు తప్ప మరేమీ చూడని చేతికి ఇది చిరాకు. ‘ఒక్క ఫోన్ చేసుకోడానికి ఇన్ని బటన్లు ఎందుకురా?’ అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. నిజంగానే వాళ్లకి అక్కర్లేదు.

ఈ71 కెమెరా గురించి వచ్చిన ఫిర్యాదు ఫొటోలు గులాబి రంగు తిరిగేవని. ఈ63 కెమెరాకి దగ్గరి వస్తువుల మీద ఫోకస్ కుదరదు. కాగితం ఫొటో తీస్తే అక్షరాలు మసకే. వాడగా వాడగా ఎక్కువ నొక్కే బటన్ల మీద అక్షరాలు చెరిగిపోవడం, లోపలికి దుమ్ము చేరడం మామూలే. హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల కీప్యాడ్ మార్పించుకుంటే మళ్లీ కొత్తదానిలా ఉండేది. ఇవన్నీ సర్దుకోగలిగిన బాధలు.

బ్లాక్‌బెర్రీ వాడినవాళ్ల బాధలు వేరు. వాళ్ల ఫోన్‌లో ఇంటర్నెట్‌కి, బీబీఎమ్ అనే బ్లాక్‌బెర్రీ సొంత మెసేజింగ్‌కి మామూలు డేటా ప్యాక్ సరిపోయేది కాదు, బ్లాక్‌బెర్రీ ప్లాన్ విడిగా వేయించుకోవాల్సి వచ్చేది. మెసేజ్‌లు కంపెనీ సర్వర్ల గుండా వెళ్లేవి. వాటిని చదివే వీలు కావాలని 2010లో మన ప్రభుత్వం పట్టుబట్టడం పెద్ద వార్త. 2011 అక్టోబర్‌లో ఆ సర్వర్లు మొరాయించి, భారత్‌తో సహా చాలా దేశాల్లో రోజుల తరబడి సేవలు ఆగిపోయాయి. పాత మోడళ్లలో తెర కింద తిరిగే గోలీ ఒకటి ఉండేది కదా, అందులో మురికి చేరి ఇరుక్కుపోయేది. 2009లో వచ్చిన కర్వ్ 8520లో దాన్ని తీసేసి నున్నటి ప్యాడ్ పెట్టారు. కుర్రకారు ఎగబడింది ఆ ఫోన్ మీదే.

అదే 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిమ్ నుంచి రోజుకి 100 ఎస్ఎమ్ఎస్‌లకు మించి పంపకూడదని పరిమితి పెట్టింది. కొద్ది వారాలకే 200 చేసింది. గోల చేసినవాళ్లలో ఫుల్ కీబోర్డ్ వీరులు ముందు వరసలో ఉండే ఉంటారని నా అనుమానం.

[తెర మీద: 2.36 అంగుళాల తెర మీద ఒక వెబ్ పేజీ ముక్క.]

సర్దుకోలేని బాధలు రెండే. ఒకటి తెర. ఫోన్ ముందు భాగంలో దాదాపు సగం బటన్లకే పోతుంది. మెసేజ్ కొట్టేటప్పుడు అది సరే. వీడియో చూసేటప్పుడు, ఫొటో చూసేటప్పుడు, మ్యాప్ చూసేటప్పుడు కూడా ఆ బటన్లు అక్కడే ఉంటాయి, పని లేకపోయినా. 2007 జనవరిలో ఐఫోన్‌ని చూపిస్తూ స్టీవ్ జాబ్స్ ఎత్తి చూపిన లోపం ఇదే. ప్లాస్టిక్‌లో బిగించిన బటన్లు అవసరమున్నా లేకున్నా ఉంటాయి, రేపు కొత్త ఆలోచన వస్తే కొత్త బటన్ చేర్చలేం అన్నాడు. ఆ రోజు ఆయన వెనక తెర మీద చూపించిన నాలుగు ఫోన్లలో ఒకటి నోకియా ఈ62. మన ఈ71కి ముందు తరందే.

న్యాయంగా చెప్పాలంటే ఆ మొదటి ఐఫోన్‌లో కాపీ పేస్ట్ కూడా లేదు, 2009 దాకా రాలేదు. ఈ71లో ముందు నుంచీ ఉంది. కానీ జనం చేసే పని మారిపోతోంది. కొట్టేది తగ్గి చూసేది పెరిగింది.

రెండో బాధ మన తెలుగుది. దీని మీద నాకు కొంచెం ఎక్కువ మాట్లాడాలని ఉంది.

[తెర మీద: తెలుగు అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు.]

ఆ ఫోన్లలో తెలుగు వెబ్‌సైట్ తెరిస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. గుర్తుందా, ఒక చిట్కా చేతులు మారుతూ తిరిగేది. ఓపెరా మినీలో అడ్రస్ దగ్గర ‘ఓపెరా కోలన్ కాన్ఫిగ్’ అని కొట్టి, చివర్లో బిట్‌మ్యాప్ ఫాంట్ల సెట్టింగ్‌ని ‘యెస్’ (అవును) చేయాలి. అప్పుడు ఓపెరా వాళ్ల సర్వర్ తెలుగు అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపేది. తెలుగు చదవడానికి అదో దొడ్డిదారి. చదవడం సరే, రాయడం? 26 అక్షరాల బటన్ల మీద ఇంగ్లిష్ అచ్చు వేసేశారు. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఎక్కడ పెడతారు? పైగా తెలుగులో ఎస్ఎమ్ఎస్ పంపితే ఒక మెసేజ్‌లో 70 అక్షరాలే పడతాయి, అదీ గుణింతం గుర్తునీ పొల్లునీ విడివిడిగా లెక్కేసి. ఇంగ్లిష్ అక్షరాలైతే 160. అందుకే అందరం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండిపోయాం.

టచ్ తెర మీద బటన్ అంటే ఒక బొమ్మే కాబట్టి దాన్ని ఎలాగైనా గీయొచ్చు. ఐఐటీ బాంబే వాళ్ల స్వరచక్ర అనే కీబోర్డ్ యాప్‌లో ‘క’ మీద వేలు పెడితే చుట్టూ కా, కి, కీ, కు చక్రంలా విచ్చుకుంటాయి. ఇంగ్లిష్‌లో కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డులు వచ్చాయి. 2017లో గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు కూడా చేరింది. అసలు కీబోర్డ్ జోలికే వెళ్లని పెద్దవాళ్లు నోటితో చెప్పి మెసేజ్ పంపుతున్నారు. కదలని బటన్ల మీద స్వరచక్ర లాంటివి కుదరవు.

చివరి దెబ్బ వాట్సాప్‌ది. సింబియన్ ఫోన్లలో 2017 జూన్‌తో, బ్లాక్‌బెర్రీ సొంత సిస్టమ్‌లో అదే ఏడాది డిసెంబర్‌తో అది ఆగిపోయింది. అప్పటిదాకా పట్టుబట్టి వాడుతున్నవాళ్లు కూడా ఇక లాభం లేదనుకున్నారు. బ్లాక్‌బెర్రీ కీవన్ అని ఆండ్రాయిడ్‌తో 2017లో మన దగ్గరికీ వచ్చింది, 39,990 రూపాయలు. మంచి ఫోనే, కీబోర్డ్ మీద వేలు రాస్తే పేజీ జరుగుతుంది కూడా. కానీ ఆ ధరకి జనం కెమెరా చూశారు, తెర చూశారు.

[తెర మీద: పాత ఈ63, దాని పక్కన జియో సిమ్, మధ్యలో ఎర్ర గీత.]

ఇప్పుడు సరదా పుట్టి పాత ఈ63 ఎక్కడైనా కొందామనుకునేవాళ్లకి ఒక మాట. జియోది 4జీ, 5జీ నెట్‌వర్క్, అందులో ఈ ఫోన్ పనిచేయదు. 2జీ ఉన్న సిమ్ వేస్తే ఫోన్లు మాట్లాడొచ్చు, ఎస్ఎమ్ఎస్ పంపొచ్చు. కొత్త వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు. యూపీఐ యాప్ రాదు. అలారానికి, టార్చికి మాత్రం ఢోకా లేదు.

బటన్లే కావాలి, కొత్త ఫోనూ కావాలి అంటే యూనిహెర్ట్జ్ కంపెనీ టైటన్ ఫోన్లు ఉన్నాయి. వాటిలో 2021లో వచ్చిన టైటన్ పాకెట్ తెర 3.1 అంగుళాలే, అంటే తెర గురించిన పాత ఫిర్యాదు అలాగే ఉంది. 2024లో క్లిక్స్ అని ఐఫోన్‌కి తొడిగే కీబోర్డ్ కేసు వచ్చింది. తెర మొత్తం మిగులుతుంది గానీ ఫోన్ బాగా పొడుగైపోతుంది, జేబులో పెట్టుకుని కూర్చోవడం కష్టం. రెండింటి మీదా అచ్చు వేసింది మళ్లీ ఇంగ్లిష్ అక్షరాలే. కొనే ముందు మీ వాట్సాప్ ఒకసారి తెరిచి, కిందటి వారం మీరు కొట్టిన మెసేజ్‌లు ఎన్నో, పంపిన వాయిస్ ముక్కలు ఎన్నో చూసుకోండి. వాయిస్ ఎక్కువుంటే ఆ డబ్బులు దాచుకోండి.