సువాలో దీవులన్నిటి కాలేజీ

శ్రోతలందరికీ నమస్కారం. ఫిజీ రాజధాని సువాలో పసిఫిక్ థియలాజికల్ కాలేజీ అని ఒకటుండేది. పాస్టర్లకు పైచదువులు చెప్పే చోటు. బైబిల్ కాలేజీ గురించి రేడియోలో చెప్పేంత ఏముంటుందిలే అనుకోకండి, ఇది ఒక్క దేశానిదీ కాదు, ఒక్క క్రైస్తవ సంఘానిదీ కాదు.

ఈ కాలేజీ రాకముందు పసిఫిక్ దీవుల్లో ఈ చదువే లేదని కాదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కుక్ దీవుల్లో టకమోవా కాలేజీని 1839లో, సమోవాలో మలువా కాలేజీని 1844లో పెట్టారు. కాకపోతే ఎవరి దీవి వాళ్లది, ఎవరి భాష వాళ్లది, ఎవరి మిషన్ వాళ్లది. సమోవాలో కాంగ్రిగేషనల్ సంఘం, టోంగాలో మెథడిస్టులు, ఒకరి పద్ధతి ఇంకొకరికి పట్టేది కాదు.

1961లో ఆ మలువాలోనే పసిఫిక్ సంఘాలు చాలా ఒకచోట కూర్చున్నాయి. కలిసి ఒక కాలేజీ పెట్టుకుందామన్న ఆలోచన ఆ రోజుల్లోనే గట్టిపడి, 1966కల్లా సువాలో క్లాసులు మొదలయ్యాయి. తొలి ప్రిన్సిపాల్ జార్జ్ నైట్, స్కాట్లాండ్ మనిషి, పాత నిబంధనలో పెద్ద పండితుడు. పాఠాలు ఇంగ్లిషులో. టోంగా వాళ్లకీ, కిరిబాటి వాళ్లకీ, సమోవా వాళ్లకీ అది సమానంగా పరాయి భాషే కాబట్టి ఆ పేచీ తప్పిందనే అనుకోవాలి! పెళ్లయినవాళ్లు భార్యాపిల్లలతో వచ్చి క్యాంపస్‌లోనే కాపురం ఉంటారు, కాబట్టి దీవుల మధ్య స్నేహాలు క్లాసురూములోనే ఆగిపోవు.

అసలు మలుపు నా లెక్కలో 1970ల చివర్లో వచ్చింది. టోంగాకు చెందిన సియోనె అమనకి హవేయా ప్రిన్సిపాల్ అయ్యారు. దీవుల మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. తర్వాత 1980లలో ఆయన 'కొబ్బరికాయ వేదాంతం' అని ఒకటి చెప్పారు. గోధుమ, ద్రాక్ష ఆ దీవుల్లో పండేవి కావు కదా, మరి ప్రభు బల్లకు, అంటే క్రీస్తును తలచుకుంటూ చర్చిలో తీసుకునే ప్రసాదానికి, రొట్టె, ద్రాక్షారసం బయటినుంచే ఎందుకు రావాలి, కొబ్బరికాయ ఒక్కదాంట్లోనే తినడానికీ తాగడానికీ రెండూ ఉన్నాయిగా అన్నారాయన. అంతేకాదు, కాయ ముదిరితేనే రాలుతుంది, తొందరపెడితే రాలదు. దేవుడు తన కాలం నిండినప్పుడే పని చేస్తాడన్న మాటను దీవుల వాళ్లకు చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ కాలేజీయే ఇప్పుడు పసిఫికా కమ్యూనిటీస్ యూనివర్సిటీగా మారింది. పాస్టర్ల చదువు ఇంకా అక్కడ సాగుతూనే ఉంది.