దారి చెట్టు కూలేది వేరు దగ్గర

సభకు నమస్కారం.

ఒడిశాలో పురుషోత్తంపూర్ దగ్గర జౌగడ బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండోది, మనుషులకీ పశువులకీ పనికొచ్చేలా దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించామంటుంది. అంటే ఈ గంజాం నేలలో దారి చెట్టు రాతికెక్కి 2200 ఏళ్లు దాటింది. అయితే ముసలైన చెట్టును ఎలా సాగనంపాలో ఆ బండ మీద లేదు. ఇవాళ మాట్లాడుకోవాల్సింది అదే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ అప్పుడు కూలిన చెట్లకు అందరం గాలినే తిట్టుకున్నాం. ఈసారి కూలిన చెట్టు మొదలు చూడండి. కాలవకో పైపుకో తవ్విన వైపు వేళ్లు నల్లగా కుళ్లి ఉంటాయి. వేళ్లలో ఎక్కువ భాగం పై మూడడుగుల మట్టిలోనే పాకుతాయి. అవి తెగినా ఆకు వెంటనే వాడదు. దాచుకున్న పిండిపదార్థంతో చెట్టు కొన్నేళ్లు పచ్చగానే నిలబడుతుంది. కూలేనాటికి ఆ గొయ్యి ఎవరు తవ్వారో ఎవరికీ గుర్తుండదు.

అందుకే మొదట కొలవాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే అడ్డకొలత వస్తుంది. చుట్టుకొలత రెండున్నర మీటర్లుంటే అడ్డకొలత 80 సెంటీమీటర్లు. దానికి 12 రెట్ల దూరం, అంటే తొమ్మిదిన్నర మీటర్ల దాకా, వేళ్ల జాగా. బజారు వీధిలో అంత చోటు ఎవరిస్తారు? కనీసం మూడు రెట్లలోపు, అంటే 2.4 మీటర్లలోపు, గునపం పడనివ్వకండి. మొదలు చుట్టూ పోసిన సిమెంటును మీటరు మేర పగలగొట్టండి, యంత్రంతో కాదు, చేత్తో.

తర్వాత చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టండి. డప్పులా మోగితే లోపల తొర్ర ఉన్నట్టే. తొర్ర కనబడగానే రంపం తేనక్కర్లేదు. చుట్టూ మిగిలిన గట్టి కర్ర మందం వ్యాసార్ధంలో మూడో వంతు ఉంటే మాను సాధారణంగా బరువు మోస్తుంది. తొర్ర ఒక వైపు తెరుచుకుని ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు. మాను మొదలు దగ్గర గోధుమరంగు గట్టి పుట్టగొడుగు అరల్లా పుడితే వేరు కుళ్లుతోందని అర్థం. ఒరిగిన చెట్టుకు వెనక వైపు నేల బీటలిస్తే ఆ రోజే కింద రాకపోకలు ఆపేయాలి.

కరెంటు తీగల కోసం తల నరకడం మరో పాపం. నరికినచోట గుంపుగా లేచే కొమ్మలు పై పొరకే అతుక్కుని ఉంటాయి. నాలుగైదేళ్లకు బరువెక్కి గాలికి చీలిపోతాయి. పెద్ద కొమ్మ తీయాలంటే మూడు కోతలు: మానుకు అడుగు దూరాన కింద నుంచి సగం లోపు, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరకు కొమ్మ మొదలు దగ్గరుండే ఉబ్బుకు బయటగా. ఆ గాయానికి తారు పూయకండి.

ఇక కొత్త చెట్లు. ఒక్కటి పోయినచోటల్లా ఒక్క మొక్క పెట్టడం మన అలవాటు. నిద్రగన్నేరు నీడలో ఆ మొక్క వెలుతురు కోసం రోడ్డు మీదకి వంగి పెరుగుతుంది. పోనీ వరుసంతా ఒకేసారి కొట్టేస్తే ఎండకు వీధి మాడిపోతుంది, పైగా అన్నీ మళ్లీ ఒకేసారి ముసలవుతాయి. వంద మీటర్ల ముక్కలు చేసుకోవడమే మేలు. పది మీటర్లకొకటి చొప్పున ఒక వైపు పది చెట్లు. బాగా దెబ్బతిన్న ముక్కతో మొదలుపెట్టి నాలుగైదేళ్లకొక ముక్క మార్చుకుంటూ పోతే అర కిలోమీటరు వీధి ఇరవై, పాతికేళ్లలో కొత్తదవుతుంది, నీడా పూర్తిగా పోదు.

పాత మోడు గోతిలోనే మొక్క పెట్టకండి, రెండు మీటర్లు జరపండి. వేప, కానుగ, పొగడ, తెల్లమద్ది తుపాను నేలకు తగినవి. గుల్మొహర్, పచ్చతురాయి కొమ్మలు పెళుసు. రావి, మర్రి చోటున్న కూడలికే. అదీ విత్తనం మొక్కయితే మంచిది, కొమ్మ పాతిన మర్రికి తల్లివేరు ఉండదు.

తొలి వానలకు, మీటరు పొడుగు, వెడల్పు, లోతు గొయ్యి. సంచి తీసేసి, చుట్టుకుపోయిన వేళ్లు కత్తిరించి, వేరు మొదలు నేల మట్టానికే ఉండేలా పెట్టండి. రెండు కర్రలు, వదులు కట్టు, ఏడాదికి తీసేయాలి. రెండు వేసవులు వారానికి రెండుసార్లు పాతిక లీటర్ల నీళ్లు. ఇనప కంచె బెరడును తాకకముందే తొలగించండి. ఇప్పటికే చెట్టు మింగేసిన తీగను లాగకండి, బయటికి కనబడినంత మేర కోసేసి మిగతాది వదిలేయండి.