అలవాటైపోయిందనే దగ్గు

అక్కలారా, అన్నలారా, కమీషన్ వ్యాపారులారా,

గుంటూరు మిర్చి యార్డులోకి కొత్తగా అడుగుపెట్టినవారు తుమ్మకుండా ఉండలేరు. ఏళ్ల తరబడి తొడిమలు తీస్తున్న అక్కను అడిగితే మాత్రం "మాకు అలవాటైపోయిందండీ" అంటుంది. నన్ను భయపెట్టేది ఆ మాటే. ముక్కు ఘాటును పట్టించుకోవడం మానేసినా, ఊపిరితిత్తుల్లోకి దుమ్ము చేరడం ఆగదు.

దగ్గు పని రోజుల్లో పెరిగి సెలవుల్లో తగ్గుతోందా? ఈ ఒక్క ప్రశ్నతో చాలా బయటపడుతుంది. 1700లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ, రోగి ఏ పని చేస్తాడో తప్పక అడగమని తోటి వైద్యులకు రాశాడు. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు ఇంకొకటి గమనించాలి. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బులో, సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటి రోజునే ఛాతీ బిగుసుకుంటుంది.

దుమ్ము అనగానే అందరూ మాస్కు అంటారు. నేను దాన్ని చివరన పెడతాను. మరోచోట అయితే నీళ్లు చల్లి దుమ్మును అణచవచ్చు. మిర్చికి ఆ వీలు లేదు. తేమ తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కాబట్టి గాలితోనే పని జరగాలి. షెడ్డులో ఒక గోడకు దుమ్మును బయటికి లాగే ఫ్యాను, ఎదుటి గోడకు కిటికీలు పెట్టండి. మనుషులు కిటికీల వైపు, కాయల రాశి ఫ్యాను వైపు ఉంటే దుమ్ము ముఖం మీదికి రాకుండా పోతుంది. సీలింగ్ ఫ్యాను ఉన్న దుమ్మునే షెడ్డంతా తిప్పుతుంది. ఖాళీ టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, లోపల దులపనివ్వకండి. ఈ ఖర్చంతా యజమానిదే; కూలీలో ఒక్క రూపాయి కూడా కోయకూడదు.

ఇవన్నీ చేశాకే మాస్కు. చీర కొంగు సన్నని దుమ్మును ఆపలేదు. ఎన్95 అయితే ఆపుతుంది, అదీ ముఖానికి సందు లేకుండా అమరితేనే.

చేతుల మంట సంగతి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు వంటనూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగండి. పసిబిడ్డను ఎత్తుకునేది ఆ తరువాతే.

కోల్డ్ స్టోరేజీ హమాలీలకు ఒక మాట. గదులను చల్లబరచడానికి వాడే అమ్మోనియా వాయువు వాసన ముక్కును కోస్తే టిక్కీని అక్కడే వదిలేసి బయటికి రండి. గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు వెళ్లండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.