హాపీ రై బీరు రుచి చూడటం, మార్కులు వేయడం: ఆ ఘాటు ఎవరిది?

నమస్కారం. ఇవాళ మన ముందున్నది ఒక రై ఐపీఏ. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా వేసిన చేదు బీరు. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే ఒక తీగ పూలు. వాసన దగ్గర్నుంచి మింగాక మిగిలే చేదు దాకా చూసి, 50కి ఎన్ని మార్కులు వేయాలో తేలుద్దాం.

రై అంటే గోధుమకు దగ్గర చుట్టమైన ధాన్యం. అమెరికన్ ఐపీఏలో బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కొంత తగ్గించి, ఆ చోట 10 నుంచి 20 శాతం దాకా రై మాల్ట్ వేస్తే రై ఐపీఏ. పోటీల్లో వాడే బీజేసీపీ (బీరు జడ్జీలకి అర్హత ఇచ్చే సంస్థ) 2021 ప్రమాణాల ప్రకారం దీనికి ఆల్కహాల్ 5.5 నుంచి 8 శాతం, చేదు 50 నుంచి 75 ఐబీయూ (చేదుని కొలిచే అంకె) ఉండాలి. ఈ అంకెలు గుర్తుంటే చాలు, మిగతాదంతా ముక్కూ నాలుకా పని.

ఈ బీరుతో చిక్కు ఎక్కడంటే, స్కోర్ షీటు మీద అందరూ "ఘాటుగా ఉంది" అని రాసేసి ఊరుకుంటారు. ఎవరి ఘాటు అది? రైది కావచ్చు, హాప్స్‌ది కావచ్చు, బీరుని పులియబెట్టే ఈస్ట్‌ది కావచ్చు, ఒట్టి ఆల్కహాల్ మంట కావచ్చు. మొదటి రెండూ మార్కులు తెస్తాయి, చివరి రెండూ మార్కులు కోస్తాయి. ఈ నాలుగింటినీ విడదీయడమే ఇవాళ్టి అసలు పని.

ముందు గ్లాసు సంగతి. తులిప్ ఆకారంది, 350 మిల్లీలీటర్లు పట్టేది తీసుకోండి. లేకపోతే వైన్ గ్లాసైనా పర్లేదు, పైన మూతి లోపలికి వంగి ఉండాలి, అంతే. ఇప్పుడు దీన్ని మంచినీళ్లతో తడుపుతున్నాను, చూడండి. నీళ్లు పలచటి పొరలా జారిపోయాయి. అలా కాకుండా అక్కడక్కడ చుక్కలుగా నిలబడితే గ్లాసుకి జిడ్డు ఉన్నట్టే. అలాంటి గ్లాసులో నురగ నిలవదు, మీరేమో బీరుకి మార్కులు తగ్గిస్తారు. తప్పు గ్లాసుది, శిక్ష బీరుకి. కడిగాక గుడ్డతో తుడవకండి, బోర్లించి ఆరనివ్వండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి.

బీరు చల్లదనం 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి వాసనలు పైకి లేవవు, ఒట్టి చేదే తగులుతుంది. కాసేపు బయట ఉంచి, థర్మామీటర్ ముంచి చూసుకోండి. ప్యాక్ చేసిన తేదీ కూడా చూడండి. హాప్స్ వాసన మొదట పోయేది, తిరిగి రానిది. చల్లగా దాచినా నెలలు గడిచేకొద్దీ అది తగ్గి, దాని చోట తేనె, అట్టపెట్టె వాసనలు వస్తాయి. సీసా రంగూ ముఖ్యమే. తెల్ల సీసా, ఆకుపచ్చ సీసా వెలుగుని ఆపలేవు. ఎండ తగిలితే హాప్స్ చేదు పదార్థం విరిగి, స్కంక్ అనే జంతువు వదిలే లాంటి కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా నయం, క్యాన్ అయితే ఆ బెడదే లేదు.

పోద్దాం. 120 మిల్లీలీటర్లు చాలు. గ్లాసు వంచకుండా, మధ్యలోకి, కాస్త ఎత్తు నుంచి పోయండి. రెండు మూడు సెంటీమీటర్ల నురగ రావాలి.

నురగని చూస్తూ కూర్చోకండి, ముందు వాసన. పోసిన మొదటి నిమిషంలో ఉన్నంత వాసన తర్వాత ఉండదు. గ్లాసుని ముక్కుకి ఓ జానెడు దూరంలో అటూ ఇటూ తిప్పండి. ఈ దూరంలోనే తెలిసిపోతే హాప్స్ గట్టిగా ఉన్నట్టు. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టి మూడు చిన్న చిన్న పీల్పులు. తర్వాత అరచేత్తో మూత వేసి, ఐదు సెకన్లు గుండ్రంగా తిప్పి, చెయ్యి తీసి ఒక పొడుగాటి పీల్పు. ఏం తట్టిందో వెంటనే రాసేయండి. ముక్కు మొద్దుబారితే మీ చొక్కా చేతిని వాసన చూసి మళ్లీ రండి, సర్దుకుంటుంది.

ఏం తట్టాలి? పై వరసలో హాప్స్: గ్రేప్‌ఫ్రూట్ తొక్క, కమలా, పైన్ చెట్టు బంక, మామిడి లాంటి పళ్లు. కింది వరసలో బ్రెడ్ పైపెచ్చు, పచ్చి ధాన్యం, మట్టి, ఓ మూల కాస్త మిరియం. రై వాసన ఎప్పుడూ గొంతు పెంచదు. వాసనలో దొరకలేదని ఇక్కడే మార్కులు కోసేయకండి, దాని చోటు నోట్లో ఉంది.

రై వాసన అని చాలామంది వెతికేది నిజానికి రై వాసనే కాదు. రై బ్రెడ్‌లో జీలకర్రలా కనిపించే కారవే గింజలు వేస్తారు కదా, ఆ గింజల వాసన మనసులో పెట్టుకుని బీరులో వెతుకుతారు. అది దొరక్కపోతే "రై లేదు" అని రాస్తారు. రైకి దానితో ఏ సంబంధమూ లేదు.

మరి అసలు రై ఎలా ఉంటుంది? దీనికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది, తప్పకుండా చేయండి. రై మాల్ట్ 50 గ్రాములు పిండిలా ఆడించండి. 65 డిగ్రీల వేడినీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి, బాగా కలిపి, మూత పెట్టి 15 నిమిషాలు వదిలేయండి. మామూలు బార్లీ మాల్ట్‌తో కూడా ఇలాగే ఇంకోటి. రెండూ కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. ఇదిగో చూడండి, బార్లీది దిగిపోతోంది. రైది మాత్రం కాగితం మీదే నిలబడి, ఒక్కో చుక్కా సాగి సాగి పడుతోంది. వేళ్ల మధ్య రుద్దండి, గంజిలా జారుతుంది. రైలో ఉండే బీటా గ్లూకాన్, అరబినోజైలాన్ అనే జిగురు పదార్థాలు చేసే పని ఇది. రైకి పొట్టు ఉండదు కాబట్టి బ్రూయర్ (బీరు చేసేవాళ్లు) మ్యాష్, అంటే వేడినీళ్లలో నానిన మాల్ట్, వడకట్టేటప్పుడు కూడా ఇలాగే అడ్డం పడుతుంది. అందుకే వరిపొట్టు కలుపుతారు. ఇప్పుడు రెండూ చల్లార్చి తాగి చూడండి. బార్లీది తియ్యగా, గుండ్రంగా ఉంది. రైది కూడా తీపే, కానీ తీపి వెనకాల పచ్చి ధాన్యపు పొడి రుచి, మింగాక నాలుక వెనక సన్నటి మిరియాల గీత. ఈ గీతనే బీరులో వెతకాలి.

సరే, గ్లాసు దగ్గరికి వద్దాం. వాసనలో లవంగం తగిలిందా? ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. "రై కదా, మసాలా వాసన ఉంటుంది" అనుకుని దానికీ మార్కులు వేస్తారు. మిరియం వేరు, లవంగం వేరు. పంటినొప్పికి రాసుకునే లవంగ నూనె గుర్తు తెచ్చుకోండి, ఆ మందు వాసన వస్తే అది ఫీనాల్. ధాన్యంలో ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని కొన్ని రకాల ఈస్ట్‌లు 4-వినైల్ గ్వాయకాల్ అనే ఫీనాల్‌గా మారుస్తాయి. జర్మన్ గోధుమ బీరు ఈస్ట్ కావాలనే చేస్తుంది, ఆ ఈస్ట్‌తో చేసే రోగెన్‌బియర్ అనే జర్మన్ రై బీరులో లవంగం ఉంటేనే అందం. అమెరికన్ ఐపీఏకి వాడే ఈస్ట్ మాత్రం ఆ పని చేయదు. కాబట్టి రై ఐపీఏలో లవంగం వచ్చిందంటే, పిలవని అడవి ఈస్ట్ ఏదో దూరి ఉండవచ్చు. మార్కులు తగ్గించి, శుభ్రత చూసుకోమని రాయండి.

ఇక చూపు. 3 మార్కులే, త్వరగా కానిద్దాం. ముదురు బంగారు రంగు నుంచి ఎర్రటి రాగి రంగు దాకా ఏదైనా సరే. కాస్త మసక ఉన్నా తప్పు పట్టకండి, రై మాంసకృత్తులు, హాప్స్ రెండూ మసక తెచ్చేవే. నురగ చిక్కగా నిలిచి, తాగేకొద్దీ గ్లాసుకి జాలీలా అంటుకోవాలి.

రుచికి 20 మార్కులు, ఇక్కడ తొందర వద్దు. ఓ చిన్న గుక్క, 15 మిల్లీలీటర్లు చాలు. నోరంతా తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. ఉమ్మేస్తే ఈ బీరు సగమే తెలుస్తుంది, మింగాక వచ్చే చేదు, రై గీత రెండూ పోతాయి. అందుకే శాంపిల్ చిన్నది పెట్టుకున్నాం.

ఇప్పుడు ఘాటు ఎప్పుడు వచ్చిందో చూడండి. గుక్క నోట్లో పడగానే ముక్కులోంచి మిరియం తెలిస్తే అది ఎక్కువగా హాప్స్‌ది. కొలంబస్, చినూక్ లాంటి రకాలకి ఆ గుణం ఉంది, పైన్ బంకతో కలిసే వస్తుంది. ధాన్యపు రుచి వెంట, మింగిన రెండు మూడు సెకన్లకి, పొడిగా, నెమ్మదిగా వస్తే రైది. గొంతులో, రొమ్ములో వెచ్చగా మండితే ఆల్కహాల్. 7 శాతం దాటిన బీరులో కాస్త వెచ్చదనం సరే, మంట మాత్రం తప్పే. పులియబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే అలా మండుతుంది.

తర్వాత చేదు. గడియారం చూస్తూ మింగండి. 20, 30 సెకన్లకి శుభ్రంగా సద్దుమణగాలి. చేదు, వగరు రెండూ ఒకటి కావు, మనకి రెంటికీ వేరే మాటలున్నాయి కాబట్టి వాడుకుందాం. చేదు నాలుక మీద రుచి. వగరు చిగుళ్లు, బుగ్గలు పట్టేసే బిగింపు. నాలుకతో పళ్ల వెనక రాసి చూడండి, గరుగ్గా ఉంటే వగరు. డ్రై హాప్ (వాసన కోసం మరిగించకుండా, చల్లారిన బీరులో వేసే హాప్స్) మోతాదు మించినా, ఆ హాప్స్ బీరులో ఎక్కువసేపు ఉన్నా వస్తుంది. గొంతులో గీసుకున్నట్టుంటే హాప్స్ పొడి అడుక్కి దిగకుండానే ప్యాక్ చేసి ఉండవచ్చు.

తీపి సంగతి కూడా చూడండి. కొంతమంది ఎరుపు రంగు కోసం క్రిస్టల్ మాల్ట్ (కారమెల్ రుచి వచ్చేలా వేయించిన మాల్ట్) దండిగా వేస్తారు. రై జిగట మీద కారమెల్ తీపి పడితే పాకం తాగినట్టుంటుంది, రెండో గుక్కకి చెయ్యి రాదు. మంచి రై ఐపీఏ చివర్లో పొడిగా ముగియాలి.

నోటి స్పర్శకి 5 మార్కులు. రై ఉన్నందుకు నున్నగా, కాస్త నూనె రాసినట్టుగా ఉండాలి. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. డైఎసిటైల్ అనే దోషం కూడా నాలుకని ఇలాగే జారుస్తుంది. దానికి వెన్న వాసన, రైకి ఉండదు. డ్రై హాపింగ్ బాగా చేసిన బీర్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొట్టి ఈస్ట్‌ని మళ్లీ లేపుతాయి. ఆ రెండో పులియబెట్టడం పూర్తికాకముందే చల్లబరిస్తే వెన్న మిగిలిపోతుంది. బీరు మీరే చేసేవాళ్లయితే, ప్యాక్ చేసే ముందు ఒక గ్లాసు మూతపెట్టి 65 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి వాసన చూడండి. వెన్న లేస్తే ఇంకొన్నాళ్లు ఆగాలి.

ఒక మాట. లేబుల్ మీద "రై" అని చదివాక రై రుచి తెలియని వాళ్లు ఉండరు! నిజంగా తెలుస్తోందా అని చూసుకోవాలంటే మూడు గ్లాసులు పెట్టించండి. రెండింట్లో ఒకే బార్లీ ఐపీఏ, మూడోదాంట్లో చేదూ రంగూ దానికి దగ్గరున్న రై ఐపీఏ. ఏది ఎక్కడుందో మీకు తెలియకూడదు. వేరేదాన్ని పట్టుకోండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కుదురుతుంది, కాబట్టి ఒక్కసారి గెలిచి ఆపేయకండి, ఐదారుసార్లు చేయండి.

మార్కులు వేద్దాం. వాసన 12, చూపు 3, రుచి 20, స్పర్శ 5, మొత్తం మీద అభిప్రాయం 10. మన గ్లాసుకి: వాసన 9, గ్రేప్‌ఫ్రూట్, పైన్ బాగున్నాయి, కింద కాస్త బ్రెడ్. చూపు 3. రుచి 14, ఎందుకంటే చేదు రైని సగం మింగేసింది, చివర కొంచెం వగరు. స్పర్శ 4. అభిప్రాయం 7. మొత్తం 37. 30 నుంచి 37 దాకా "చాలా బాగుంది" వరస, 38 నుంచి 44 "అద్భుతం" వరస. ఒక్క మార్కుతో ఆగింది కదా. అంచు మీదున్నప్పుడు వెంటనే సంతకం పెట్టకండి.

గ్లాసుని ఇలాగే పక్కన పెట్టి, 13 డిగ్రీలకి వచ్చేదాకా ఆగండి. ఈలోగా మామూలు నీళ్లు తాగి, ఉప్పు లేని బ్రెడ్ ముక్క నమలండి. షీటు మీద వ్యాఖ్య రాయండి. "బాగుంది" అంటే బ్రూయర్‌కి ఒరిగేదేమీ లేదు. "రై రుచి చేదు వెనక దాగింది, చేదు కాస్త తగ్గించడమో, రై శాతం పెంచడమో చేసి చూడండి, చివర్లో వగరు ఉంది, డ్రై హాప్ ఉంచే రోజులు తగ్గించండి" అని రాయండి.

ఇప్పుడు మళ్లీ ఒక గుక్క. వేడెక్కాక పైన్ తగ్గింది, ధాన్యం పైకొచ్చింది, మిరియాల గీత ఇందాకటికంటే స్పష్టంగా ఉంది. లవంగం లేదు, వెన్న లేదు. వగరు మాత్రం అలాగే ఉంది. రుచి 14ని 15 చేస్తున్నాను. మొత్తం 38. గ్లాసు కడిగి, రెండోది పోయండి.