బెల్టర్ల మాట ఎందుకంత నమ్మబుద్ధేస్తుంది? ‘ది ఎక్స్‌పాన్స్’ భాష మీద రివ్యూ

అందరికీ నమస్తే. ‘ది ఎక్స్‌పాన్స్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ 2015 డిసెంబరులో మొదలై, ఆరు సీజన్లు నడిచి, 2022 జనవరిలో ముగిసింది. కథ మీద, గ్రాఫిక్స్ మీద రివ్యూలు చాలానే వచ్చాయి. నేను మాత్రం ఇవాళ అందులో మనుషులు మాట్లాడే తీరు ఒక్కదాని గురించే చెప్తాను. మీరు కల్పిత ప్రపంచాలతో కథలు రాస్తున్నా, గేములు తయారు చేస్తున్నా, ఈ ఒక్క విషయం కోసమైనా ఈ సిరీస్ చూడాలి.

నేపథ్యం క్లుప్తంగా చెప్తా. మనుషులు భూమి దాటి అంగారకుడి మీద, ఆ పైన గ్రహశకలాల మధ్య స్థిరపడ్డారు. ఆ శకలాల్లో గనులు తవ్వే, ఓడలు నడిపే కూలీల సంతతే బెల్టర్లు. తాతముత్తాతలు తలో దేశం నుంచి పనికోసం వచ్చారు. ఒకరి భాష ఒకరికి రాదు, పని మాత్రం కలిసి చేయాలి. అలాంటి చోట పుట్టే భాష ఎలా ఉంటుందో ఆలోచించి, సిరీస్ కోసం బెల్టర్ క్రియోల్‌ని (క్రియోల్ అంటే పలు భాషలు కలిసి పుట్టిన కొత్త భాష) తయారు చేసింది నిక్ ఫార్మర్ అనే భాషావేత్త. ఇలా జరగడం మన భూమ్మీద కొత్తేమీ కాదు. పాపువా న్యూగినీలో ఇప్పుడు అధికార భాషల్లో ఒకటైన టోక్ పిసిన్ ఎదిగింది కూడా వేర్వేరు భాషల కూలీలు కలిసి పనిచేసిన తోటల్లోనే.

నన్ను కట్టిపడేసింది నవోమి. డొమినిక్ టిప్పర్ వేసిన పాత్ర. భూమి మనిషి హోల్డెన్‌తో ఉన్నప్పుడు ఆమె మాట అతనికి ఇబ్బంది లేకుండా సాగిపోతుంది. సాటి బెల్టర్ ఎదురుపడ్డాడా, యాస చిక్కబడుతుంది, క్రియోల్ మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. ఆ మార్పుని ఎత్తి చూపించే డైలాగ్ ఉండదు, కెమెరా ఆగదు. ఎదుటి మనిషిని బట్టి మన మాట మారడాన్ని 1970ల్లో హవర్డ్ గైల్స్ అనే పరిశోధకుడు ఒక సిద్ధాంతంగానే వివరించాడు. చాలా ఫాంటసీ కథల్లో లోపించేది సరిగ్గా ఇదే. అక్కడ ఒక్కో జాతికి ఒక్కో యాస యూనిఫాంలా తొడిగేస్తారు. రాజుగారి ముందైనా, తల్లి ముందైనా, శత్రువు ముందైనా అదే మాట. అది వింటుంటే మనిషి కనబడడు, రచయిత కనబడతాడు.

ఇంకో పాత్ర మిల్లర్. పుట్టింది గ్రహశకలాల మధ్య ఉండే సెరెస్ అనే మరుగుజ్జు గ్రహంలోనే, కానీ అక్కడ భూమి కంపెనీ తరఫున పోలీసు ఉద్యోగం. అతని మాటలో బెల్టర్ వాసన బాగా తక్కువ. తోటి బెల్టర్లు అతన్ని ‘వెల్‌వాలా’ అని తిడతారు, అంటే గురుత్వం ఉన్న గ్రహాలవాళ్ల పక్షం చేరినవాడని. ఇక్కడ యాస ఊరి గుర్తుతో ఆగదు, ఎవరి వైపు నిలబడ్డావో కూడా చెప్తుంది. దీనికి నిజజీవితంలో గొప్ప ఉదాహరణ ఉంది. అమెరికాలో మార్తాస్ వినియార్డ్ అనే ద్వీపం మీద విలియం లాబోవ్ 1963లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వేసవిలో బయటివాళ్లు వచ్చిపడే చోటు అది. ద్వీపమే మాది అనుకున్నవాళ్లలో, ముఖ్యంగా చేపలు పట్టేవాళ్లలో, కొన్ని అచ్చుల పాత పలుకుబడి బలంగా వినిపించింది. వదిలి వెళ్లిపోదామనుకునే కుర్రాళ్లలో అది తక్కువ. మీ కథలో ఒక పాత్ర యాస తేల్చుకునే ముందు, ఆ మనిషి ఉండిపోదామనుకుంటున్నాడా, వెళ్లిపోదామనుకుంటున్నాడా అన్నది తేల్చుకోండి.

చేతి సైగల గురించి కూడా చెప్పాలి. బెల్టర్లు అవుననీ కాదనీ చేతులతో చెప్తారు. స్పేస్ సూట్‌లో తల ఊపితే ఎదుటివాడికి కనబడదు కదా! చేసే పనిలోంచి పుట్టి, సూట్ విప్పాక కూడా మిగిలిపోయిన అలవాటు. నాకు ఇది ఏ కొత్త పదం కన్నా ఎక్కువ నచ్చింది.

పదాల విషయంలో ఒక చిన్న తెలివి చూడండి. ‘బెల్టాలౌడా’ అంటే మన బెల్టర్లు, ‘ఇన్యాలౌడా’ అంటే లోపలి గ్రహాలవాళ్లు, ‘మిలౌడా’ అంటే మేము. ఆ ‘లౌడా’ పదేపదే వస్తుంటే బహువచనం అని మనకే తట్టేస్తుంది. పట్టిక ఇవ్వనక్కర్లేదు. అక్షరాలు వంకర తిప్పి రాయడం కన్నా ఇలాంటి చిన్న వ్యాకరణ నియమం ఒక్కటి పట్టుకుని వదలకుండా వాడటం ఎంతో మేలు.

ఇక నాకు మింగుడుపడనివి. మూల నవలల ప్రకారం అంగారకుడి మీద మారినర్ వ్యాలీలో స్థిరపడింది భారతీయులు, చైనీయులు, కొద్దిమంది టెక్సాస్‌వాళ్లు. కానీ అందరికీ అంటుకున్నది మాటని సాగదీసే టెక్సాస్ యాస. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ వలస ప్రాంతాల్లో కొత్త యాస కుదురుకునేటప్పుడు సాధారణంగా ఎక్కువమంది పలికే తీరే నిలుస్తుంది. కొద్దిమందిది గెలవాలంటే వాళ్ల చేతిలో అధికారమో, అందరూ అనుకరించాలనుకునే హోదానో ఉండాలి. ఆ కారణం కథలో నాకు దొరకలేదు.

రెండోది ఇంకా పెద్ద లోటు. సెరెస్ నుంచి గురుగ్రహపు చందమామ గనిమీడ్‌కి రేడియో సిగ్నల్ చేరడానికే కనీసం పదిహేను నిమిషాలు పడుతుంది. అంటే రెండు చోట్ల జనం ఎప్పటికీ ముచ్చట్లాడుకోలేరు, సందేశాలు పంపుకోవాల్సిందే. అలాంటప్పుడు తరాలు గడిచేకొద్దీ రెండు యాసలు విడిపోవాలి. సిరీస్‌లో నటుల పలుకుల్లో తేడాలు ఉన్నాయి, కానీ ఆ తేడాకీ వాళ్ల స్టేషన్‌కీ ముడి వినబడదు. వాడు నోరు తెరవగానే ‘వీడు గనిమీడ్‌వాడు’ అని పక్కవాడు పసిగట్టే సీన్ ఒక్కటుంటే ఎంత బాగుండేదో.

భాష వరకు నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒకటి తగ్గించింది గనిమీడ్ కోసమే, అంగారకుడిని మన్నించేశాను. ఒరిజినల్ ఆడియోలోనే చూడండి, డబ్బింగ్‌లో ఈ తేడాలు నిలబడటం కష్టం. మొదటి సీజన్‌లో మిల్లర్ సెరెస్ వీధుల్లో తిరిగే సీన్లు ఒకసారి సబ్‌టైటిల్స్ తీసేసి వినండి. ఎవరు ఎవరితో ఎలా మాట మార్చారో మీకు ఎక్కడ పట్టుబడిందో కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను.