మతిమరుపు ముదరకముందే

సభకు నమస్కారం. మెదడు గురించి నెల్లూరులో, మన తెలుగులో మాట్లాడే అవకాశం దొరికినందుకు సంతోషంగా ఉంది.

ఈ జిల్లావాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "దూబగుంట సారా ఉద్యమం సంగతులు అమ్మ పూసగుచ్చినట్టు చెప్తుంది. పొద్దున ఇడ్లీ తిన్నదో లేదో మాత్రం గుర్తుండదు. ఇది జబ్బెట్లా అవుతుంది సార్?" అవుతుందండీ. ముప్ఫయ్యేళ్ల నాటి జ్ఞాపకాలు మెదడు పైపొరల్లో నాటుకుపోయి ఉంటాయి. ఈ పొద్దుటి సంగతి నిలవాలంటే ముందు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దాన్ని పట్టుకోవాలి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు తొలిదశలోనే దెబ్బతినే భాగాల్లో అదొకటి.

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ ఒక రోగి మెదడులో ప్రొటీను పేరుకున్న గడ్డలు, కణాల్లోపల చిక్కుపడిన పోగులు చూపించాడు. చాలాకాలం అందరి చూపూ వాటిమీదే. 1991లో శాస్త్రవేత్త రాబర్ట్ టెర్రీ బృందం, రోగి మతి ఎంత తగ్గిందన్నది గడ్డలకన్నా నాడీకణాలను కలిపే సినాప్సుల నష్టంతోనే ఎక్కువగా సరిపోతోందని తేల్చింది. ఈ రంగానికి అసలు మలుపు అదేనని నా అభిప్రాయం.

సినాప్సు అంటే ఒక నాడీకణం ఇంకోదానికి కబురందించే చోటు. మధ్యలో సందు మిల్లీమీటరులో సుమారు 50 వేలో వంతు. గ్లూటమేట్ లాంటి రసాయనం ఇవతలి కణం నుంచి ఆ సందు దాటి అవతలి గ్రాహకాలకు అంటుకుంటుంది. సంకేతాలు గట్టిగా, వెంటవెంటనే వస్తే ఆ సినాప్సు గంటల తరబడి బలపడి ఉంటుందని 1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేళ్లలో చూపించారు. మనం నేర్చుకున్నది నిలిచేది ఇట్లాగే. అమిలాయిడ్ బీటా ప్రొటీను, పెద్ద గడ్డ కట్టకముందే, చిన్న గుంపులుగా తిరుగుతూ ఈ బలపడటాన్నే అడ్డుకుంటుంది.

ఇంకో సంగతి నన్ను మరీ కలవరపెడుతుంది. మెదడును శుభ్రం చేసే మైక్రోగ్లియా కణాలు కలుపుతోపాటు వరిపైరునూ పీకేసినట్టు, పనికొచ్చే సినాప్సులను కూడా మింగేస్తాయి. శాస్త్రవేత్త బెత్ స్టీవెన్స్ బృందం 2016లో దీన్ని ఎలుకల్లో చూపించింది. అదీ గడ్డలు కనబడకముందే! కణం చనిపోకముందే సినాప్సు పోతోందంటే, కాపాడుకోవడానికి మనకు కొంత వ్యవధి ఉన్నట్టే కదా.

డొనెపెజిల్ లాంటి మాత్రలు కొంత ఊరటనిస్తాయి, జబ్బును ఆపవు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందు తొలిదశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఎంఆర్ఐ తీస్తూ కనిపెట్టుకోవాలి. ముదిరాక ఇది పనికిరాదు.

అందుకే "వయసు మీదపడింది, చాదస్తం" అని కొట్టిపారేయకండి. అడిగిందే అడుగుతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా చేయించండి. ఆ లోపాలవల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గొచ్చు. బీపీ, షుగరు అదుపులో పెట్టండి. వినికిడి తగ్గితే చెవి మిషను పెట్టించండి. నలుగురి మాటల్లో అమ్మ మళ్లీ కలిసేది దానివల్లే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.